జీవరాజు గారు ఆర్పిన మంట

నేరేడ్‌మెట్‌లోని ఆ కాలనీలో ఎవరికైనా కొత్తగా ఒక నమ్మకం పుడితే, దాన్ని జీవరాజు గారి కంటబడకుండా పెంచుకోవడం చాలా కష్టం. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన, పిల్లలు దొరక్క పెద్దవాళ్ల మీద పడ్డారు. పొద్దున ఆరున్నరకు పార్కులో నాలుగు రౌండ్లు నడిచి సిమెంటు బెంచీ మీద కూర్చునేవారు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు ఆ రోజు పరీక్ష. ప్రశ్నపత్రంలో ఒకటే ప్రశ్న. "సాక్ష్యం ఏది?"

ఆ పరీక్ష రోజూ తప్పేవాడి పేరు బ్రహ్మచారి. నలభై ఏళ్లు దర్వాజాలు, కిటికీలు చేసిన వడ్రంగి. దక్షిణం దర్వాజా ఉన్న ఇంట్లో మనశ్శాంతి ఉండదని అతని నమ్మకం.

"నువ్వు ఇప్పటికి ఎన్ని దక్షిణం దర్వాజాలు పీకి మార్చావు?" అని అడిగారు జీవరాజు గారు ఒకరోజు.

"ఓ రెండు వందలుంటయి సారు."

"ఆ ఇళ్లవాళ్లందరికీ మనశ్శాంతి లేదా?"

"లేదు సారు. అందరు పరేషాన్‌ల ఉన్నోళ్లే. లేకుంటే నన్నెందుకు పిలుస్తరు?"

"అదీ సంగతి. దక్షిణం దర్వాజా పెట్టుకుని హాయిగా ఉన్నవాడు నిన్ను పిలవడు. వాడు నీ లెక్కలోకే రాలేదు. నువ్వు చూసింది ఏడ్చేవాళ్లను మాత్రమే."

బ్రహ్మచారి బాగా ఆలోచించి, నిజమేనని ఒప్పుకున్నాడు. మర్నాడు వెళ్లి తన అల్లుడింటి దక్షిణం దర్వాజా పీకి తూర్పుకు మార్చి వచ్చాడు.

అతని భార్య శారదమ్మ ఇంకా మొండి. ఉల్లిగడ్డ సగానికి కోసి మంచం పక్కన పెడితే జలుబు పోతుందని ఆమెకు ఫోన్లో ఎవరో పంపారు. పెట్టింది, మూడు రోజుల్లో పోయింది.

"జలుబు ఎవరికైనా మూడు రోజుల్లో పోతుందమ్మా," అన్నారు జీవరాజు గారు.

"ఉల్లిగడ్డ పెట్టకుంటే నాలుగు రోజులుంటుండె సార్," అంది శారదమ్మ.

దీనికి జవాబు వెతుక్కుంటూ ఆయన ఆ రోజు ఒక రౌండు ఎక్కువ నడిచారు.

దేవుడి విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండేవారు. ఆదివారం భార్య డోరాతో చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని వచ్చేవారు. దేవుణ్ణి సాక్ష్యం అడిగిన రోజు మధ్యాహ్నం భోజనం ఉండదని ఆయన పెళ్లయిన కొత్తలోనే ప్రయోగం చేసి తెలుసుకున్నారు.

ఇన్ని నమ్మకాలను తూర్పారబట్టిన మనిషికి ఒక కథంటే ప్రాణం. అది ఆయన సొంత కథ. 1989లో, వానాకాలం, స్కూలు ల్యాబు దగ్గర మంట లేచింది. పక్కనున్న స్టోర్‌రూములో స్పిరిట్ డబ్బా అంటుకుంది. ల్యాబులో తొమ్మిదో తరగతి పిల్లలు తొమ్మిదిమంది. అటెండర్ బిక్షం మంట చూడగానే పారిపోయాడు. పక్క క్లాసు టీచరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "నేను ఒక్కణ్ణే ఆలోచించాను," అనేవారు జీవరాజు గారు, ఇక్కడ చిన్న విరామం ఇచ్చి. "మంటకు ఏం కావాలి? గాలి కావాలి. గోనెసంచి తడిపి మీద కప్పాను. ఆరిపోయింది. భయపడినవాడు పరిగెత్తాడు, నమ్మినవాడు మొక్కాడు, తెలిసినవాడు ఆర్పాడు. అంతే తేడా."

ఈ కథను ఆయన పెళ్లిళ్లలో చెప్పారు, రిటైర్మెంటు సభలో చెప్పారు. ఒకరి సంతాప సభలో కూడా చెప్పారు, పోయినాయనకు మంటలతో ఏ సంబంధమూ లేకపోయినా. సాక్ష్యం ఏదని ఎవరూ అడగలేదు. అడిగితే చూపించడానికి హాల్లో గోడ మీద హెడ్మాస్టర్ సంతకంతో సర్టిఫికెట్ ఉండేది, ఫ్రేము కట్టించి.

మొన్న జనవరిలో ఒక గురువారం సాయంత్రం వాళ్లింటికి అనుపమ వచ్చింది. ఆ తొమ్మిదిమందిలో ఒకతె. ఇప్పుడు తార్నాకలో కంటి డాక్టరు. తమ బ్యాచి పదో తరగతి పూర్తయి ముప్పై అయిదేళ్లయిందని, అందరూ కలుస్తున్నారని, ఒక చిన్న పుస్తకం వేస్తున్నారని చెప్పింది. డోరా టీ ఇచ్చి పక్కన కూర్చుంది. అనుపమ టీ తాగకుండా కప్పు చుట్టూ వేలు తిప్పుతూ ఉండిపోయింది.

"ఆ మంట గురించి రాయమని ల్యాబులో ఉన్నవాళ్లను అడిగాను సార్. ముగ్గురం రాశాం. వైజాగ్ నుంచి హదస్సా, పుణె నుంచి ఆషర్, నేను."

"మంచిది. చదువు," అన్నారు జీవరాజు గారు, కుర్చీలో సర్దుకుని.

"సార్, ముగ్గురం కూడా బిక్షం ఆర్పాడనే రాశాం."

జీవరాజు గారు నవ్వారు. తప్పు లెక్క చేసిన పిల్లను చూసి నవ్వే నవ్వు. "మీకప్పుడు పద్నాలుగేళ్లమ్మా. ఒకటే పొగ. పొగలో, భయంలో కన్ను చూసేది ఒకటి, మెదడు రాసుకునేది ఒకటి."

"అవును సార్. పొగ మీకూ ఉంది కదా."

ఆయన ఆ మాట వినిపించనట్టు ముందుకు పోయారు. "మీరు ముగ్గురూ ఎప్పుడో మాట్లాడుకుని ఉంటారు. ఒకరి మాట ఇంకొకరికి అంటుకుంటుంది."

"హదస్సాతో నేను మాట్లాడి ఇరవై ఏళ్లయింది సార్. ఎవరిది వాళ్లం విడిగా రాశాం. చిన్న చిన్న తేడాలు కూడా ఉన్నాయి. స్టోర్‌రూము కర్టెను నీలం అని హదస్సా రాసింది, ఆకుపచ్చ అని ఆషర్ రాశాడు."

"చూశావా మరి. కర్టెను రంగే తేల్చుకోలేనివాళ్లు మనిషి ఎవరో ఏం తేలుస్తారు?"

ముగ్గురూ ఒకే మాట చెబితే కూడబలుక్కున్నారు. తేడాగా చెబితే వాళ్లకు గుర్తు లేదు. ఇంత మంచి ఏర్పాటు బ్రహ్మచారికి కూడా తట్టలేదు, పాపం.

"సరే, నేనెక్కడున్నట్టు రాశారు?" అని అడిగారు జీవరాజు గారు.

అనుపమ తల వంచుకుంది. "మీరు హెడ్మాస్టర్ గారి రూమువైపు పరిగెత్తారని సార్. హెల్ప్ కోసమే అని నేను రాశాను."

"మిగతా ఇద్దరు?"

"పరిగెత్తారని మాత్రమే రాశారు."

జీవరాజు గారు లేచి వెళ్లి గోడ మీది ఫ్రేమును దించి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. అనుపమ దాన్ని మర్యాదగా మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"మంట ఆర్పేటప్పుడు హెడ్మాస్టర్ గారు అక్కడ ఉన్నారా సార్?"

"లేరు."

"మరి ఇందులో ఇదంతా..."

"ఆయనకు నేను చెప్పాను కాబట్టి..."

ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. వేరే వాక్యం మొదలుపెట్టారు. "నాకు తెలుసమ్మా. నేను అక్కడున్నాను. తడి గోనెసంచి బరువు నా చేతులకు ఇప్పటికీ తెలుస్తోంది." ఇదే మాట పార్కులో ఇంకొకరు అని ఉంటే ఆ రోజు వాళ్లకు ఇంటికెళ్లే దారి ఉండేది కాదు.

అనుపమ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చేవారం ప్రింటుకు ఇవ్వాలి సార్. మీరెలా రాయమంటే అలా రాస్తాను. మీకంటే నాకు ఆ పుస్తకం ఎక్కువ కాదు."

ఆమె వాదించి ఉంటే బాగుండేదని జీవరాజు గారికి అనిపించింది. వాదనలో ఆయన ఎప్పుడూ ఓడలేదు.

ఆమె వెళ్లాక చాలాసేపు డోరా కప్పులు తీయలేదు.

"నువ్వేమంటావ్?" అని ఆయనే అడిగారు.

"నేను అనేదేముందండీ. ఆ రోజు మీరు ఇంటికొచ్చినప్పుడు మీ చొక్కా నేనే ఉతికాను. సుద్ద ఉంది. పొగ వాసన లేదు."

"అది సాక్ష్యమా?"

"కాకపోవచ్చు. ఆ సాయంత్రం మీరు నాతో చెప్పింది మాత్రం వేరు. బిక్షం ఆర్పాడు, నాకు కాళ్లు వణికాయి అన్నారు. మర్నాడు అసెంబ్లీలో హెడ్మాస్టర్ మీ పేరు చదివారు. ఆ వారం కాళ్లు వణకడం పోయింది. నెలకల్లా గోనెసంచి మీ చేతికొచ్చింది. క్రిస్మస్‌కు మా పుట్టింటికి వెళ్లేసరికి బిక్షం పారిపోయాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పాను. మీరు సాక్ష్యం అడిగారు. చొక్కా అప్పటికే ఉతికేశాను."

ఆ తర్వాత నాలుగు రోజులు జీవరాజు గారు పార్కుకు వెళ్లారు గానీ ఎవరినీ ఏమీ అడగలేదు. బ్రహ్మచారి ధైర్యం చేసి, శనివారం ఇనుము కొనకూడదంటారు అని ఒక నమ్మకాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టి చూశాడు. "అంటారు," అన్నారు జీవరాజు గారు. బ్రహ్మచారి భయపడిపోయి, సారుకు తబియత్ బాగలేదని ఇంట్లో చెప్పాడు. మధ్యాహ్నానికి శారదమ్మ ఒక ఉల్లిగడ్డ పంపింది.

ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన తన జ్ఞాపకాన్ని తిరగేసి చూస్తూ కూర్చున్నారు. మంట కనబడుతోంది. గోనెసంచి కనబడుతోంది. సంచి పట్టుకున్న చేతులూ కనబడుతున్నాయి. తన చేతులు తన కళ్లకు అంత దూరంగా, స్టోర్‌రూము అవతల గోడ దగ్గర, ఎలా కనబడుతున్నాయన్న ప్రశ్న ఆదివారం చర్చిలో వెనక బెంచీ మీద ఉండగా తోచింది. ఆ రోజు ప్రసంగం దేని మీదో ఆయనకు తెలియదు.

సోమవారం అనుపమకు ఫోన్ చేసి బిక్షం అడ్రసు తీసుకున్నారు. అతన్ని కూడా ఆమె సభకు పిలిచింది. అల్వాల్‌లో కూతురింట్లో ఉంటున్నాడట. జీవరాజు గారు అరటిపళ్లు కొని ఆటో ఎక్కారు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు సర్దుకున్నారు. వాటిలో 'క్షమించు' అన్నది లోతుకుంట దాటేసరికి 'పొరపాటు జరిగింది' అయింది, అల్వాల్ చేరేసరికి 'ఎలా ఉన్నావ్' అయింది.

బిక్షం మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాడు. డెబ్బై దాటాయి. ఆయన్ని చూసి గబగబా లేచాడు.

"మీరొచ్చుడేంది సార్. ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా."

కుర్చీ ముందుకు జరిపిన అతని కుడిచేయి మోచేతి దాకా ముడతలు పడి, తెల్లబడి ఉంది. జీవరాజు గారు ఆ చేతిని చూసి కూర్చున్నారు.

"బిక్షం, ఆ రోజు మంట ఆర్పింది నువ్వే కదా?"

"నేనే సార్. అయితేంది ఇప్పుడు?" అన్నాడు బిక్షం మామూలుగా. "గోనెసంచి తడుపుకచ్చి కప్పిన. జెర చెయ్యి కాలింది. అంతే."

బిక్షం అటూ ఇటూ చూసి, కూతురు వంటింట్లో ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

"అంటుకున్నదే నా బీడీతోని సార్. మీకు తెల్సు గదా."

"నాకా?"

"స్టోర్‌రూముల బీడీ ముట్టించిన. స్పిరిట్ డబ్బా మూత తీసున్నది చూస్కోలే. పిల్లలకేమన్న అయితే నేను జైల్ల పడుతుంటి. గప్పుడు మా బిడ్డకు ఆరు నెలలు. నౌకరి పాయె అనుకున్న. మీరేం జేసిండ్రు? క్రిస్మస్ ముందల ఎంక్వైరీ పెడితే, నేను ఆడ లేనే లేను, ఉరికిపోయిన అని హెడ్మాస్టర్ సారుకు చెప్పిండ్రు. ఆడ లేనోణ్ణి ఎవలేమడుగుతరు? మంట ఎట్ల లేసిందని నన్ను ఒక్కరు అడగలే. చెయ్యి ఇంట్ల పొయ్యికాడ కాలిందని చెప్పిన. అటెన్క పద్దెనిమిదేండ్లు అదే నౌకరి చేసిన. మీ దయనే సార్."

జీవరాజు గారు వచ్చింది ఒక అబద్ధాన్ని వదిలించుకోవడానికి. అంతకంటే అందమైనదాన్ని బిక్షం చేతులు జోడించి మరీ ఇస్తున్నాడు. ఇందులో ఆయన మంట ఆర్పిన వీరుడు కాదు. పేదవాడి కడుపు కొట్టడం ఇష్టంలేక తనది కాని కీర్తిని నెత్తిన వేసుకున్న మహానుభావుడు. ఫ్రేము మార్చాల్సిన పని కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఓ అయిదు నిమిషాల పాటు ఆయనకు అలా జరిగినట్టే జ్ఞాపకం రావడం మొదలైంది. స్టోర్‌రూములో బీడీ వాసన కూడా కొంచెం తగిలింది.

అంతలో బిక్షం కూతురు టీ తెచ్చింది. కప్పులు కింద పెట్టి, వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది. "మా నాయిన ఎప్పుడు మీ ముచ్చటే చెప్తడు సార్," అంది. ఆమె వయసు ముప్పై ఆరో, ముప్పై ఏడో ఉంటుంది. అప్పటి ఆరు నెలల పిల్ల.

ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగి, జీవరాజు గారు గొంతు సవరించుకున్నారు.

"బిక్షం, నీ బీడీ సంగతి నాకు ఈ రోజు దాకా తెలియదు."

బిక్షం నవ్వాడు. "మీరు గిట్లనే అంటరని నాకు తెల్సు సార్."

"నిజంగా తెలియదయ్యా. మంట చూసి నేను పరిగెత్తాను. నాకు కాళ్లు వణికాయి. తర్వాత అందరూ పొగిడితే ఊరుకున్నాను. నువ్వు పారిపోయావని నేనే కల్పించాను. ముప్పై అయిదేళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాను. నిన్ను పిరికివాణ్ణి చేశాను. తప్పు చేశాను, క్షమించు."

"మీరు భయపడుడేంది సార్," అన్నాడు బిక్షం, చిన్నపిల్లవాడి మాట విన్నట్టు. "పెద్దోళ్లు చేసిన మేలు చెప్పుకోరు. మా అమ్మ సుత గట్లనే."

"నేను చెప్పుకున్నానయ్యా. సంతాప సభలో కూడా చెప్పుకున్నాను."

"నన్ను కాపాడనీకే గదా."

జీవరాజు గారు ముప్పై నాలుగేళ్ల అనుభవమంతా ఉపయోగించారు. సుద్ద అంటిన చొక్కా గురించి చెప్పారు. హదస్సా, ఆషర్ రాసింది చెప్పారు. మర్నాటి అసెంబ్లీ గురించి చెప్పారు. ప్రతి సాక్ష్యాన్నీ బిక్షం శ్రద్ధగా విన్నాడు. విన్నకొద్దీ అతని కళ్లలో గౌరవం పెరిగింది. నన్ను తక్లీఫ్ పెట్టొద్దని ఇంత దూరమొచ్చి ఇన్ని అబద్ధాలాడుతున్నాడు ఈ మహానుభావుడు అన్నట్టు చూశాడు. చివరికి చిక్కుడుకాయలు సగం పొట్లం కట్టి ఇచ్చాడు.

సభ మల్కాజ్‌గిరిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. జీవరాజు గారు అనుపమకు ముందే చెప్పారు, మీరు ముగ్గురూ రాసింది రాసినట్టే వేయండి అని. స్టేజీ ఎక్కి, కాగితం లేకుండా, జరిగింది మొత్తం చెప్పారు. తాను పరిగెత్తిన సంగతి, బిక్షం ఆర్పిన సంగతి, తర్వాత తన కథ ఎలా పెరిగిందీ, ఏ పండుగకు ఏ ముక్క అతుక్కుందీ. బీడీ ఊసు మాత్రం ఎత్తలేదు, అది ఆయనది కాదు కాబట్టి.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"సార్ చూడండి, ఈ ఏజ్‌లో కూడా ఎంత హంబుల్," అని రెండో వరుసలో ఒకతను పక్కవాడితో అన్నాడు. మైకు అందుకున్న ఇంకొకతను, అటెండర్‌కు పేరు రావాలని తన పేరు తానే చెరిపేసుకునే గురువులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని కంటతడి పెట్టాడు. ఆ తర్వాత బిక్షం లేచాడు. ఎవరూ అడగకుండానే తన బీడీ కథ చెప్పేశాడు. ఇప్పుడు నౌకరీ లేదు కాబట్టి భయం కూడా లేదన్నాడు. సార్ ఇన్నేళ్లు తనను ఎట్ల దాచిండో చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్లు ఈసారి ఏడ్చారు. ఇద్దరికీ ఒకే శాలువా కప్పి ఫొటో తీశారు.

మర్నాటికి ఆ ఫొటో నేరేడ్‌మెట్ చేరింది.

"నేను నిజంగానే పారిపోయాను బ్రహ్మచారీ," అన్నారు జీవరాజు గారు బెంచీ మీద.

"సరే సారు," అన్నాడు బ్రహ్మచారి, చెప్పుల మట్టి కూడా దులుపుకోకుండా ఆయనకు నమస్కారం చేసి. "మీరట్లనే అనాలె."

ఆయన మాట నమ్మింది లోకంలో నలుగురు. హదస్సా, ఆషర్, అనుపమ, డోరా. మొదటి ముగ్గురు సభలో ఆయన దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. డోరా ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో, "కాళ్లు వణికాయని చెప్పినప్పుడే మీరంటే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది," అంది. అని రోడ్డువైపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత జీవరాజు గారు నెలకు రెండుసార్లు అల్వాల్ వెళ్తున్నారు. బిక్షంతో వాదించడానికి. ఇప్పటికి ఆరుసార్లయింది. బిక్షానికి కూడా ఆ వాదన అలవాటై, ఆయన రావడం ఆలస్యమైతే మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. పోయినసారి వాదనలో కూడా ఒక మెట్టు దిగాడు.

"సరే సార్, మీరు ఉరికిండ్రనే అనుకుందాం. మాట వరుసకు. కాని మళ్ల తిరిగొచ్చిండ్రు గదా. నేను సంచి కప్పుతున్నప్పుడు పిల్లలను చేతులు పట్టి బయటికి తీస్కపోయింది మీరే గదా."

జీవరాజు గారు కళ్లు మూసుకున్నారు. గుర్తొచ్చింది. పొగలోంచి తిరిగి లోపలికి రావడం, చిన్న చిన్న చేతులు, ఒక పిల్ల దగ్గు, అన్నీ స్పష్టంగా గుర్తొచ్చాయి. అంత స్పష్టంగా వచ్చినందుకే ఆయనకు అనుమానం కలిగింది.

"అనుపమను అడిగి చెబుతాను," అని, టీ కప్పు కింద పెట్టి ఫోన్ తీశారు.